ఒకటి తర్వాత నాలుగు

ఈ సంగతి రాసి పెట్టాలనుకోవడానికి కారణం ఒక కార్బన్ కాగితం. నేను పనిచేసిన మెకానిక్ షెడ్డులో ప్రతి బండికీ ఒక వర్క్ ఆర్డర్ రాసేవాళ్ళం. పైకాగితం కస్టమర్‌కి, కింది నకలు మా ఫైలుకి. 2003 వేసవిలో వచ్చిన ఒక ఎర్ర కారు తాలూకు నకలు మీద నా చేతిరాతతో "గేరు బాక్సు లోపల అరిగింది" అని ఉంటుంది. అది తప్పు. అసలు సంగతి తర్వాత పైకాగితం మీద రాశారు గానీ, అప్పటికే నకలు విడదీసి ఫైల్లో పెట్టేశారు. అంటే మా ఫైలు ప్రకారం ఈనాటికీ ఆ గేరు బాక్సు చెడ్డదే, నేను చెప్పింది సరైనదే. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. ఫైళ్ళు ఎక్కడికి పోయాయో తెలియదు. అయినా తప్పు నా చేత్తో రాశాను కాబట్టి, దిద్దుబాటు కూడా నా చేత్తోనే రాయాలి.

క్లచ్ తొక్కి గేర్లు మార్చుకునే కార్లు అమెరికాలో ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ఈ కథ చదివే పిల్లల్లో సగం మంది గేరు రాడ్డు పట్టుకుని ఉండరు. వాళ్ళ కోసం ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. బండి కదలడానికి ఒకటో గేరు వేస్తాం. వేగం పెరిగేకొద్దీ రెండు, మూడు, నాలుగు, అలా వరసగా వెళ్తాం. రాడ్డు పైకి తోస్తే ఒకటి, అక్కడి నుంచి తిన్నగా కిందికి లాగితే రెండు. పక్క గాడిలో పైకి మూడు, కిందికి నాలుగు. పై గేర్లో ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, ఇంధనం తక్కువ తాగుతుంది. ఈ మాత్రం గుర్తుంటే చాలు.

నేను కృష్ణా జిల్లాలో ఒక బస్సు డిపోలో ఇరవై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేశాను. చదువు పదో తరగతి. మా చెల్లెలు పెట్టిన కాగితాలు పదకొండేళ్ళకు కదిలి, నలభై తొమ్మిదో ఏట, 2001లో అరిజోనా చేరాను. వచ్చిన నెలలో లైబ్రరీ కార్డు తీసుకున్నాను. గ్రీన్ కార్డుకి పదకొండేళ్ళు పట్టింది, దీనికి పది నిమిషాలు. ఇప్పటికీ ఏ కార్డు గొప్పదని అడిగితే కాసేపు ఆలోచిస్తాను.

మొదటి రెండేళ్ళు ఒక గిడ్డంగిలో పెట్టెలు మోశాను. శనివారం ఉదయం లైబ్రరీకి వెళ్ళి, రిపేరు మాన్యువల్ ఒకటీ నిఘంటువు ఒకటీ పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నా ఇంగ్లిషు అలా వచ్చింది. "ఎలా ఉన్నారు" అంటే జవాబు తడుముకునేవాణ్ణి గానీ, బ్రేకులోంచి గాలి తీయడం ఎలాగో పొల్లు పోకుండా చెప్పగలిగేవాణ్ణి.

అలా చెప్పినందుకే చాండ్లర్‌లో ఒక చిన్న షెడ్డు యజమాని నన్ను చేర్చుకున్నాడు. ఆయన మెక్సికన్ కుటుంబంలో పుట్టినవాడు, మాట తక్కువ. నా దగ్గర ఇక్కడి సర్టిఫికెట్టు ఒక్కటీ లేదు. తొంభై రోజులు చూస్తాను, నచ్చితే ఉంటావు, అన్నాడు. యాభై ఒకటో ఏట మళ్ళీ చేతికి స్పానర్ దొరికింది. అది పోతే వేరే షెడ్డు రానిస్తుందన్న ఆశ లేదు. మళ్ళీ పెట్టెలే.

ఆ షెడ్డులో పెద్ద మెకానిక్ ఒకాయన ఉండేవాడు. తెల్లాయన, అరవైకి దగ్గర పడ్డవాడు. వయసులో ఉన్నప్పుడు మట్టి ట్రాక్ మీద కారు పందేలు తోలాడు. పికప్ ట్రక్కులంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనం దగ్గర నేను లైబ్రరీ పుస్తకం తెరవడం చూసి నాకు "ప్రొఫెసర్" అని పేరు పెట్టాడు. ప్రొఫెసర్, ఆ జాకీ ఇలా తొయ్యి. ప్రొఫెసర్, ఆ నూనె తుడువు. అందులో వెక్కిరింత ఉందని తెలుసు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆగస్టులో ఒక ఉదయం ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చింది. అమెరికన్ కంపెనీది, రెండు తలుపులు, ఆరు గేర్లు, చేతులు మారింది. దిగినావిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఊళ్ళోని కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నా చొక్కా మీద కుట్టిన పేరు చదివి, "మీరు తెలుగువాళ్ళా అండీ?" అని అడిగి, నేను తల ఊపేసరికి ఊపిరి తీసుకోకుండా చెప్పుకొచ్చింది.

"ఫస్ట్ నుంచి సెకండ్‌కి లాగుతానండీ. స్ట్రెయిట్‌గా రాదు. పక్కకి తోసుకుపోయి ఫోర్త్‌లో పడుతుంది. ఎవ్రీ టైమ్ కాదు, అదే ప్రాబ్లమ్. ఆల్రెడీ రెండు షాప్స్‌లో చూపించాను. మీకు షిఫ్ట్ చేయడం రాదు మేడమ్ అన్నారు. మా హస్బెండ్ అయితే ఆటోమేటిక్ కొనుక్కోమని రోజూ ఒకటే జోక్. ఎనిమిదేళ్ళు హైదరాబాద్‌లో కారు డ్రైవ్ చేశానండీ, అమీర్‌పేట ట్రాఫిక్‌లో. సెకండ్ గేర్ ఎక్కడుంటుందో నాకు తెలీదా?"

పెద్ద మెకానిక్ తాళాలు తీసుకుని రోడ్డెక్కాడు. వీధి చివరిదాకా ఇంజను గర్జన వినిపించింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి, బండి బంగారంలా ఉంది, మార్చాల్సింది డ్రైవర్ని, అన్నాడు. ఆవిడకి వినపడేలాగే అన్నాడు. ఆవిడ ముఖం చూసి నేను యజమానిని అడిగి తాళాలు తీసుకున్నాను.

అదే వీధిలో నా పద్ధతిలో నడిపాను. ఒకటి వేసి, బండి కదిలాక రెండుకి లాగాను. రాడ్డు ఎవరో మణికట్టు పట్టుకుని పక్కకి నెట్టినట్టు జరిగి నాలుగులో పడింది. మళ్ళీ చేశాను, మళ్ళీ నాలుగే. అయిదుసార్లలో నాలుగుసార్లు. పక్క సీట్లో ఆవిడ "చూశారా, చూశారా" అంటూ దాదాపు చప్పట్లు కొట్టింది. తన కారు చెడిపోయినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అక్కడితో ఆగి ఆలోచించాల్సింది. అంతకు ముందు నెలే నేను గేరు బాక్సుల మీద ఒక లావుపాటి పుస్తకం చదివి ఉన్నాను. లోపల గేర్లను జరిపే ఫోర్కులు అరిగితే రాడ్డు గాడి తప్పుతుందని అందులో ఉంది. చదివింది చెప్పే అవకాశం వస్తే ఊరుకోలేని జబ్బు నాది. గేరు బాక్సు లోపల అరిగింది, దించాలి, అని వర్క్ ఆర్డర్ మీద రాసేశాను. పెద్ద మెకానిక్ నవ్వాడు. యజమాని ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, రెండు రోజులు తీసుకో, అన్నాడు.

బాక్సు దించాను. విప్పాను. లోపల ప్రతి ముక్కా నిన్న కంపెనీ నుంచి వచ్చినట్టుంది. ఫోర్కులు కొలిచాను, మళ్ళీ కొలిచాను. అరుగుదల లేదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. బాక్సు పక్కన బొటనవేలంత పరికరం ఒకటి, దానికి రెండు వైర్ల ప్లగ్గు కనిపించాయి. రివర్స్ గేరు వేస్తే వెలిగే వెనక దీపానిది అనుకున్నాను. కాసేపటికి ఆ దీపం ప్లగ్గు వేరే చోట కనిపించింది. అప్పుడైనా పెద్ద మెకానిక్‌ని పిలిచి, ఇదేమిటి, అని అడగాలి. అడిగితే ప్రొఫెసర్‌కి తెలియదని తెలిసిపోతుంది. అడగలేదు. ఎలా ఉన్నది అలాగే బిగించి, బాక్సు ఎక్కించి, శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ నడిపాను. రెండుకి లాగితే నాలుగే.

పెద్ద మెకానిక్ నడిపితే ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు, వెన్నలా పడ్డాయి. ప్రొఫెసర్ చేతుల్లోనూ ఆవిడ చేతుల్లోనూ ఒకే జబ్బు ఉంది, ఇద్దరూ ఒకే ఊరివాళ్ళేమో, అన్నాడు.

యజమాని నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. గొంతు పెంచలేదు. రెండు రోజుల పని వృథా అయిందని, ఆవిడని ఇంకోసారి నిరాశతో పంపాలని, సోమవారంతో నా తొంభై రోజులు పూర్తవుతాయని చెప్పాడు.

"సోమవారం సాయంత్రంలోగా కారణం చూపించు. చూపించలేకపోతే నేను ఆయన మాటే నమ్మాలి" అన్నాడు.

శనివారం లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. రిఫరెన్స్ బల్ల దగ్గర కూర్చునే ఆవిడకి నేను రెండేళ్ళుగా తెలుసు. నా ఇంగ్లిషు ఎదగడం కళ్ళతో చూసిన మనిషి. ఆ కారు మాన్యువల్ రెండు భాగాలు. షెల్ఫులో మొదటిదే ఉంది. అందులో గేరు బాక్సు అధ్యాయం అక్షరం అక్షరం చదివాను, ఏమీ దొరకలేదు. రెండో భాగంలో కరెంటు వైర్ల సంగతులు, నాకు అక్కర్లేదనుకుని లేవబోయాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "వెతికింది లేదని తెలియాలంటే రెండూ చూడాలి కదా" అంది. నా జవాబు కోసం చూడకుండానే పక్క ఊరి లైబ్రరీకి ఫోన్ చేసి, ఆ పుస్తకం నా కోసం పక్కన పెట్టించింది. రెండు బస్సులు మారి, నూట పది డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో అక్కడికి వెళ్ళాను.

కరెంటు అధ్యాయంలో, నేను ఎన్నడూ వెతకని చోట, సగం పేజీ ఉంది. ఇంజను వేడెక్కి, బండి గంటకి పదిహేను ఇరవై మైళ్ళ మధ్య ఉండి, యాక్సిలేటర్ తేలికగా తొక్కి ఉంటే, కారులోని కంప్యూటర్ గేరు బాక్సు పక్కనున్న చిన్న పరికరానికి కరెంటు పంపుతుంది. అది రెండో గేరు గాడికి అడ్డు పెడుతుంది. రాడ్డు ఒకటి నుంచి నాలుగుకే వెళ్తుంది. పెట్రోలు ఆదా కోసం కంపెనీ కావాలని పెట్టిన ఏర్పాటు. అలా జరిగేటప్పుడు డాష్‌బోర్డు మీద ఒక దీపం వెలుగుతుంది. ఆ కారులో ఆ బల్బు పోయింది. కారుతో రావాల్సిన చిన్న పుస్తకాన్ని ఆ కారు పాత ఓనరు ఎక్కడో పారేశాడు.

"తేలికగా తొక్కి ఉంటే" అన్న మాట కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు. పక్కన ఖాళీలో సన్నటి అక్షరాలతో "మెత్తటి పాదానికి మాత్రమే" అని ఇంగ్లిషులో రాసి ఉంది. లైబ్రరీ పుస్తకం మీద రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆరోజు మాత్రం ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఎందుకంటే ఆ మెత్తటి పాదం నాది. మా డిపోలో ప్రతి డ్రైవరూ లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో నల్లబల్ల మీద రాసేవాళ్ళు. కొత్త డ్రైవర్ల పక్కన కూర్చుని డీజిలు ఎలా మిగల్చాలో నేర్పడం చివరి ఆరేళ్ళు నా పని. నాకు నేర్పిన మేస్త్రి గారు ఒకటే చెప్పేవారు. "పాదం కింద అప్పడం ఉందనుకోరా. అది విరగకుండా టాప్ గేరుకి చేరాలి." అదే మాట వందల మందికి చెప్పాను. ఇరవై నాలుగేళ్ళు ఇతరుల కాళ్ళకి నేర్పిన పాఠాన్ని ఒక కారు తనంతట తాను చేస్తుంటే, జబ్బు అని పేరు పెట్టి దాని పొట్ట కోశాను.

పెట్రోలు ధర చూసి గుండె పట్టుకునే దేశం నుంచి వచ్చిన ఆవిడ పాదమూ అలాంటిదే. పందేలు తోలిన మా పెద్ద మెకానిక్ పాదం అలాంటిది కాదు. ముగ్గురం నిజమే చెప్పాం. ఎవరి పాదానికి ఏ బండి దొరికిందో అదే చెప్పాం.

సోమవారం నేను పేజీ జిరాక్సు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి ఊరుకోవచ్చు. కానీ కాగితం చూపిస్తే ప్రొఫెసర్ మళ్ళీ పుస్తకం తెచ్చాడంటారు. అప్పడం కావాలి. షెడ్డులో అప్పడం లేదు. యజమాని మధ్యాహ్నం తినే మొక్కజొన్న చిప్స్ పొట్లం ఉంది. ఒక చిప్పు అడిగి తీసుకుని, రంగులు వేసేటప్పుడు వాడే టేపుతో యాక్సిలేటర్ మీద అంటించాను. పెద్ద మెకానిక్‌ని నడపమన్నాను. అది విరక్కూడదు, అంతే షరతు.

ఆయన యజమాని వైపు చూశాడు. యజమాని ముందు సీట్లో ఎక్కాడు. నేను వెనక, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాను. ఆ మోకాళ్ళ మీదే నా ఉద్యోగం కూడా కూర్చుని ఉంది.

మొదటి చిప్పు షెడ్డు గేటు దాటకముందే కరకరలాడింది. రెండోది వీధి మలుపులో. యజమాని పొట్లంలోంచి ఇంకోటి తీసి ఇస్తూ, ఇవి నా లంచ్, గుర్తుంచుకో, అన్నాడు. మూడోసారి పెద్ద మెకానిక్ నవ్వడం మానేశాడు. ఆయనలో పనిమంతుడు బయటికొచ్చాడు. పసిపిల్ల బుగ్గ మీద వేలు పెట్టినట్టు యాక్సిలేటర్ మీద పాదం పెట్టాడు. బండి బద్ధకంగా కదిలింది. పది. పదిహేను. పద్దెనిమిది. క్లచ్ తొక్కి రాడ్డు రెండుకి లాగాడు.

రాడ్డు పక్కకి జరిగి నాలుగులో పడింది. చిప్పు విరగలేదు.

ఆయన బండి పక్కకి ఆపి, రాడ్డు వైపు చూసి, మళ్ళీ అదే చేశాడు. మళ్ళీ నాలుగే. తర్వాత మెల్లిగా అన్నాడు.

"నలభై ఏళ్ళుగా కార్లు నడుపుతున్నాను. ఒక్కసారి కూడా ఇంత నెమ్మదిగా నడపలేదు."

షెడ్డుకొచ్చాక జిరాక్సు చూపించాను. పూర్తిగా చదివాడు. డబ్బాలోంచి ఒక చిన్న బల్బు వెతికి తీసి, తానే డాష్‌బోర్డు విప్పి వేశాడు. తర్వాత చిప్పు తీసేయకుండానే ఇంకో చుట్టు తిప్పి, దీపం వెలగడం చూసి వచ్చి, "ప్రొఫెసర్, వెలిగింది" అన్నాడు. పిలుపు అదే, వెక్కిరింత లేదు.

యజమాని మాత్రం నన్ను వదల్లేదు. తప్పు చెప్పినందుకు కోపం లేదన్నాడు, ఎవరైనా తప్పు చెప్తారు. ఆ ప్లగ్గు ఏమిటో తెలియకుండానే బిగించి, తెలియదని చెప్పనందుకు కోపం అన్నాడు. రెండు రోజుల పని ఖర్చు తానే భరించాడు. నా జీతంలోంచి ఏమీ పట్టుకోలేదు. వెళ్ళబోతుంటే వెనక నుంచి, "రేపటి నుంచి ఏడింటికి రా. షెడ్డు తాళాలు నీ దగ్గరే ఉంటాయి" అన్నాడు. నా తొంభై రోజులు అలా పూర్తయ్యాయి. ఆ తాళాలు పన్నెండేళ్ళు నా జేబులో ఉన్నాయి.

సాయంత్రం ఆవిడ వచ్చింది. అంతా చెప్పి క్షమించమని అడిగాను. ఆవిడ కారు వైపు చూసింది.

"అంటే కార్‌కి ఏమీ కాలేదు. నాకూ డ్రైవింగ్ వచ్చు."

"రావడమేమిటమ్మా, బాగా వచ్చు. బాగా రాబట్టే ఇలా అయింది."

"అయితే అదే రాసివ్వండి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టాలి."

యజమాని వర్క్ ఆర్డర్ పైకాగితం తీసి, నేను రాసింది కొట్టేసి, "డ్రైవర్ చెప్పింది మొదటి నుంచీ నిజం" అని రాసి సంతకం పెట్టాడు. నకలు అప్పటికే ఫైల్లో ఉంది.

ఆ పరికరం ప్లగ్గు తప్పించేసి దాని బదులు ఒక చిన్న డమ్మీ ప్లగ్గు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదని, చాలామంది అలాగే చేస్తారని ఆవిడకి చెప్పాను. వద్దంది. దాంతో ఎలా బతకాలో అడిగింది. కొంచెం గట్టిగా తొక్కితే రెండు పడుతుందని, ఇరవై మైళ్ళు దాటేదాకా ఆగినా పడుతుందని, ఏ తొందరా లేనప్పుడు నాలుగుకి పోనివ్వడమే మంచిదని చెప్పాను. తర్వాత ఆవిడ కాలిఫోర్నియాలో డబ్లిన్‌కి మారింది. ఆ కారులోనే వెళ్ళింది. ఒకసారి ఫోన్‌లో, "స్కూల్ జోన్‌లో దాని ఇష్టం, ఫ్రీవే ఎక్కేటప్పుడు నా ఇష్టం. మా ఇద్దరికీ సెటిల్ అయిపోయింది అండీ" అంది.

ఆరోజు తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కస్టమర్ ఏ జబ్బు చెప్పినా ముందు తాళాలు తీసుకోను. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను, అంటాను. బండి కంటే ముందు పాదం చూస్తాను. దాంతో పట్టుకున్నవి ఎన్నో. ఆ కథలన్నీ ఎందుకు, అన్నిటికీ మూలం ఇదే.

ఇంతదాకా ఎవరి పేరూ రాయలేదు. తప్పులు చెప్పేటప్పుడు పేర్లు అక్కర్లేదు. కృతజ్ఞతకి కావాలి. తాళాలిచ్చిన రేమన్‌కి. బల్బు వేసిన వాల్టర్‌కి. రెండో భాగం కూడా చూడమన్న లొరెయిన్ గారికి. తన మాట మీద నిలబడ్డ సుధారాణి గారికి. నా పాదం కింద అప్పడం పెట్టిన అప్పలస్వామి మేస్త్రి గారికి. అందరికీ నమస్కారం.

ఆ పెన్సిలు గీత గీసిన ఒక్కరి పేరు మాత్రం తెలియదు. 2015లో నేను పని మానేసిన నెలలోనే ఆ పక్క ఊరి లైబ్రరీ పాత మాన్యువళ్ళు తీసేస్తూ, కావలసినవాళ్ళు పట్టుకెళ్ళమని గుమ్మం దగ్గర తోపుడు బండి మీద పెట్టింది. రెండో భాగం అడుగున దొరికింది. ఇంటికి తెచ్చి ఆ పేజీ తీశాను. పెన్సిలు గీత అలాగే ఉంది. పుస్తకం ఇప్పుడు నాది కాబట్టి, పెన్సిలు చెక్కి, "మెత్తటి పాదానికి మాత్రమే" అన్న మాట పక్కన తెలుగులో "నిజమేనండీ" అని రాశాను.